జూనియర్ డిఫెన్స్ కౌన్సిల్ ఎక్కడ తడబడతారు? చీఫ్ చూడాల్సిన చోట్లు

ముద్దాయిల తరఫున ఉచితంగా వాదించే వకీళ్లే డిఫెన్స్ కౌన్సిల్. వారి కోసం నల్సా (జాతీయ న్యాయసేవాధికార సంస్థ) తెచ్చిన 2022 పథకంలో, జట్టును నడిపే చీఫ్ డిఫెన్స్ కౌన్సిల్‌కు కనీసం పదేళ్ల క్రిమినల్ ప్రాక్టీసు ఉండాలన్నారు. ఆ అనుభవం జూనియర్ చేతిలోని ఫైలు దాకా చేరకపోతే నష్టం ముద్దాయికే.

సమస్య: ఛార్జిషీట్ గడువు దాటినా డిఫాల్ట్ బెయిల్ చేజారింది

కారణం: గడువులోగా పోలీసులు ఛార్జిషీట్ వేయకపోతే ముద్దాయికి హక్కుగా దక్కేదే డిఫాల్ట్ బెయిల్. ఎక్కువసార్లు తేదీల లెక్కే తప్పుతుంది. రిమాండ్ విధించిన రోజూ లెక్కలోకి వస్తుందని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది. 60 రోజుల గడువున్న కేసులో మార్చి 1న రిమాండ్ అయితే 60వ రోజు ఏప్రిల్ 29. పిటిషన్ ఏప్రిల్ 30 ఉదయమే పడాలి. అంతకుముందే ఛార్జిషీట్ దాఖలైతే హక్కు పోయినట్టే.

పరిష్కారం: ఫైలు అట్ట మీద రిమాండ్ తేదీ, సెక్షన్లు, పిటిషన్ వేయాల్సిన తేదీ ఎర్ర సిరాతో రాయించండి. మరణశిక్ష లేదా యావజ్జీవం పడే నేరాలకు, కనీస శిక్షే పదేళ్లు లేదా అంతకు మించి ఉన్న నేరాలకు 90 రోజులు, మిగతావాటికి 60. గంజాయి 20 కిలోలు మించితే 180, కోర్టు దాన్ని ఏడాది దాకా పొడిగించవచ్చు. వారానికోసారి చీఫ్ ఈ తేదీలన్నీ స్వయంగా చూడాలి. జూనియర్ మాట మీద వదిలేయకూడదు.

సమస్య: బెయిల్ వచ్చింది, మనిషి బయటికి రాలేదు

కారణం: జామీనుదారులు దొరకరు.

పరిష్కారం: ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న ఆదేశించింది. ఆ కబురు కోసం ఎదురుచూడకుండా కుటుంబం సంపాదన వివరాలతో షరతుల సడలింపు పిటిషన్ వేయించండి.

సమస్య: క్రాస్ ఎగ్జామినేషన్ బాగానే సాగింది, తీర్పులో పనికిరాలేదు

కారణం: ‘కత్తి చూశాను’ అని సాక్షి కోర్టులో అంటాడు. పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో కత్తి ఊసే లేదు. జూనియర్ సాక్షిని అడిగి ఊరుకుంటారు, దర్యాప్తు అధికారిని అడగరు. అప్పుడా లోపం రుజువు కానట్టే.

పరిష్కారం: ముందురోజు సాయంత్రం ఒక కాగితం మీద మూడు గడులు గీయించండి: ఎఫ్‌ఐఆర్‌లో ఏముంది, పోలీసు వాంగ్మూలంలో ఏముంది, చీఫ్ ఎగ్జామినేషన్‌లో (ప్రాసిక్యూషన్ తన సాక్షిని ముందుగా అడిగేటప్పుడు) ఏం చెప్పొచ్చు. తేడా ఉన్న ప్రతి చోటా రెండు ప్రశ్నలు రాయించాలి, ఒకటి సాక్షికి, ఒకటి దర్యాప్తు అధికారికి. అధికారి బోనెక్కేది నెలల తర్వాత కావచ్చు కాబట్టి ఆ కాగితం ఫైల్లోనే ఉండాలి. మర్నాడు చీఫ్ పక్కనే కూర్చోవాలి, కానీ ప్రశ్నలు జూనియరే వేయాలి. నేర్చుకునేది అక్కడే.

సమస్య: ముద్దాయి తన వకీలును గుర్తుపట్టడు

కారణం: వాయిదా రోజు కోర్టు వరండాలో రెండు నిమిషాల మాట తప్ప భేటీ లేదు.

పరిష్కారం: సాక్ష్యం మొదలవక ముందే ముద్దాయిని కలవడానికి జూనియర్‌ను జైలుకు పంపండి. వాంగ్మూలాలు ముద్దాయికి తెలుగులో చదివి వినిపించి, ఆయన చెప్పింది రాసుకు రమ్మనండి.