మిల్లు మూసేస్తారని వినగానే ఏం చేయాలి

గుంటూరు చుట్టుపక్కల స్పిన్నింగ్ మిల్లులో అయినా, విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో అయినా, మూసివేత సంగతి నోటీసు బోర్డు కంటే ముందు టీ కొట్టుకే తెలుస్తుంది. మూడు షిఫ్టులు రెండవుతాయి, సరుకు లారీలు రావడం తగ్గిపోతుంది, చెడిపోయిన మెషిన్ బాగుచేయించకుండా దాని పార్టులు ఊడదీసి పక్క మెషిన్‌కి వేస్తుంటారు, ఏడో తారీఖున పడే జీతం ఇరవైకి జరుగుతుంది. వీటిలో రెండు మూడు కలిసి కనిపించాయంటే ‘మన ఓనరు అలాంటివాడు కాదులే’ అని కూర్చోకండి. ఓనరు మంచివాడే కావచ్చు, అప్పిచ్చిన బ్యాంకు ఆగదు కదా.

అందరికీ మొదట తోచేది గేటు ముందు టెంటు. వేయండి, తప్పులేదు. కానీ అంతకంటే ముందు కాగితాలు పోగుచేసుకోండి, ఎందుకంటే తాళం పడ్డాక టైమ్ ఆఫీసులో ఉన్న హాజరు రిజిస్టరు మీకు ఎవరూ చూపించరు. ఏడాదిలో 240 రోజులు పనిచేశామని చూపించాల్సిన భారం కార్మికుడి మీదే ఉంటుందని సుప్రీంకోర్టు చెప్పింది, మూసేసినందుకు యజమాని ఇవ్వాల్సిన పరిహారం మొత్తం ఆ 240 రోజుల మీదే నిలబడుతుంది. అందుకని అపాయింట్‌మెంట్ లెటరు, పే స్లిప్పులు, ఈఎస్ఐ కార్డు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, గేట్ పాస్ దాకా ఏది దొరికితే అది ఫొటో తీసి ఇంట్లోవాళ్ళ ఫోన్‌కి కూడా పంపండి. పీఎఫ్ పాస్‌బుక్ ఆ రోజే తెరిచి చూడండి. ప్రతి నెలా డబ్బు తర్వాతి నెల 15లోపు జమ కావాలి. మీ జీతంలో కోసుకుని అక్కడ కట్టలేదంటే అది నేరం, వెంటనే పీఎఫ్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

ఇక అసలు విషయం. మూసేముందు హెచ్‌ఆర్‌వాళ్ళు ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, కాఫీ ఇచ్చి, ‘ప్యాకేజీ’ అని ఒక కాగితం ముందు పెడతారు. అందులో పైన పెద్ద అక్షరాల్లో లక్షల అంకె ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో ‘నా ఇష్టపూర్వకంగా రాజీనామా చేస్తున్నాను, నాకు ఇక ఏ బకాయీ లేదు’ అని ఉంటుంది. సంతకం పెట్టిన క్షణం నుంచి చట్టం లెక్కలో మిమ్మల్ని ఎవరూ తీసేయలేదు, మీరే మానేశారు. మూసివేత పరిహారం అక్కడితో పోయినట్టే.

లెక్క వేసి చూపిస్తాను. బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి నెలకు 18,200 రూపాయలు, సర్వీసు 22 ఏళ్ళు అనుకుందాం. గ్రాట్యుటీకి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, ఏళ్ళతో గుణించాలి. 700 ఇంటూ 15 అంటే ఏడాదికి 10,500, మొత్తం 2,31,000. ఇది రాజీనామా చేసినా, తీసేసినా రావాల్సిందే, ఐదేళ్ళు నిండితే చాలు. మూసివేత పరిహారం వేరు, ఏడాదికి 15 రోజుల సగటు జీతం. సగం నెల జీతం 9,100 చొప్పున లెక్కేసినా 2,00,200. రెండూ కలిపితే 4,31,200 అవుతుంది. ఇప్పుడు మీ ముందు పెట్టిన ప్యాకేజీ ‘రెండున్నర లక్షలు, గ్రాట్యుటీతో సహా’ అనుకోండి, యాజమాన్యం అదనంగా ఇస్తున్నది 19 వేలు. దానికే స్వీట్ బాక్స్ కూడా ఇస్తారు! కాబట్టి ఏ ప్యాకేజీ చూసినా మొదట గ్రాట్యుటీ, పీఎఫ్, బకాయి జీతం, బోనస్ పక్కకు తీసేయండి, మిగిలిందే అసలు ఆఫరు. ఇంటికి తీసుకెళ్ళి చదువుకుంటానని చెప్పండి, ‘ఈ రోజు సాయంత్రం వరకే’ అంటే ఇంకా అనుమానపడండి. ఆ మిగిలింది పరిహారం కంటే నిజంగా ఎక్కువగా ఉంటే తీసుకోండి, ఇలా ప్యాకేజీ ఇచ్చి ఇష్టపూర్వకంగా మాన్పించే పద్ధతి, అదే వీఆర్ఎస్, అంతా మోసమని నేను అనను.

చట్టం సంగతికి వస్తే, 2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఫ్యాక్టరీ మూయడానికి ప్రభుత్వ పర్మిషన్ ఉండాలన్న నిబంధన పాత కేంద్ర చట్టంలో 100 మంది కార్మికులుంటే వర్తించేది, ఇప్పుడు 300 మంది ఉంటేనే. మన వైపు చాలా యూనిట్లలో అంతమంది ఉండరు. పర్మిషన్ కావాల్సిన చోట కూడా 60 రోజుల్లో ప్రభుత్వం ఏదీ తేల్చకపోతే ఇచ్చినట్టే లెక్క, అందుకే అభ్యంతరం మొదటి వారంలోనే వెళ్ళాలి. 50 నుంచి 299 మంది దాకా ఉంటే పర్మిషన్ అక్కర్లేదు గానీ 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. 50 లోపు ఉండే షెడ్డులకు ఆ నోటీసు కూడా లేదు, కానీ పరిహారం ఉంది, ఆటోనగర్‌లో ‘చిన్న యూనిట్, ఏమీ రాదు’ అంటే నమ్మొద్దు. ‘నష్టాల్లో ఉన్నాం కాబట్టి మూడు నెలల జీతమే ఇస్తాం’ అనే మాట కూడా తరచూ వినిపిస్తుంది. యజమాని చేతిలో లేని కారణంతో మూతపడితేనే ఆ మూడు నెలల పరిమితి, ఉత్త నష్టాలు, అమ్ముడుపోని సరుకు ఆ కారణాల్లోకి రావని చట్టంలోనే రాసి ఉంది. మూతపడిన రెండు పని దినాల్లో బకాయి జీతం చేతికి రావాలన్నది కూడా కొత్త కోడ్‌లో ఉన్నదే.

యూనియన్ ఉంటే దానితోనే వెళ్ళండి, ఎంత కోపం ఉన్నా. ఏఐటీయూసీ, సీఐటీయూ, ఐఎన్‌టీయూసీ, టీఎన్‌టీయూసీ అని నాలుగు జెండాలు ఒక్క గేటు దగ్గర కొట్టుకుంటుంటే మేనేజ్‌మెంట్‌కి అంతకంటే ఏం కావాలి. మూసివేత విషయం వరకైనా ఉమ్మడి కమిటీ వేసి ఒకే డిమాండు పత్రం ఇవ్వండి. నాయకుడిని అడగాల్సింది ఒకటే: కంపెనీ లెక్కలు చూశావా అని. లిమిటెడ్ కంపెనీ అయితే దాని బ్యాలెన్స్ షీటు, ఆస్తులు ఏ బ్యాంకుకు తాకట్టులో ఉన్నాయన్న వివరం కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో దొరుకుతాయి. నష్టం పనిలోంచి వచ్చిందా, లేక డబ్బు ఓనరుగారి వేరే కంపెనీకి వెళ్ళిందా అన్నది అక్కడ తెలుస్తుంది, మిల్లు స్థలం మీద ప్లాట్లు వేసే ఆలోచన ఉంటే అదీ కొంత అర్థమవుతుంది. ఇంకో జాగ్రత్త, అందరూ కలిసి క్యాజువల్ లీవు పెడదామనే పాత చిట్కా ఇప్పుడు పనిచేయదు. సగం మంది లేదా అంతకంటే ఎక్కువ మంది అలా పెడితే దాన్ని సమ్మెగానే చూస్తారు, సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి.

తర్వాత కార్మిక శాఖ ఆఫీసు. అర్జీ రెండు కాపీలు పట్టుకెళ్ళి, ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోకుండా బయటికి రాకండి. రాజీ చర్చలకు పిలిచిన రోజు మేనేజ్‌మెంట్ తరఫున ఎవరూ రాకపోతే ఆ సంగతి మినిట్స్‌లో, అంటే చర్చల రికార్డులో రాయించండి. మిమ్మల్ని ఒక్కరినే తీసేశారనుకోండి, అర్జీ ఇచ్చి 45 రోజులు గడిచాక ప్రభుత్వం కేసు పంపేదాకా ఆగకుండా నేరుగా కార్మిక వివాదాలు తేల్చే ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు, తీసేసిన రోజు నుంచి రెండేళ్ళ గడువు.

కంపెనీ దివాలా కేసులోకి వెళ్తే దారి మారుతుంది. పేపర్లో ప్రకటన వస్తుంది, అందులోనే క్లెయిమ్‌కి ఆఖరి తేదీ ఉంటుంది. కార్మికుడు విడిగా వేస్తే ఫారం డి, అందరి తరఫున ఒకరు వేస్తే ఫారం ఈ. లిక్విడేషన్‌లో, అంటే కంపెనీ ఆస్తులు అమ్మి అప్పులు తీర్చేటప్పుడు, చివరి 24 నెలల కార్మికుల బకాయిలు తాకట్టున్న బ్యాంకులతో సమానమైన వరుసలో ఉంటాయి, పీఎఫ్, గ్రాట్యుటీ ఫండ్లను అప్పులవాళ్ళు ముట్టుకోకూడదు. కానీ క్లెయిమే వేయకపోతే వరుసలో మీ పేరే ఉండదు.

కాంట్రాక్టు కింద పనిచేసేవాళ్ళు కాంట్రాక్టరు ఫోన్ ఎత్తట్లేదని వదిలేయకండి. అతను ఎగ్గొట్టిన జీతం అసలు కంపెనీయే ఇవ్వాలి, కాబట్టి అర్జీలో ఇద్దరి పేర్లూ రాయండి.

చివరగా పీఎఫ్ డబ్బు. చేతిలో చిల్లిగవ్వ లేనప్పుడు మొత్తం తీసేయాలనిపిస్తుంది, సహజమే. పీఎఫ్ భాగం అవసరమైనంత తీసుకోండి గానీ పెన్షన్ భాగం జోలికి పోకండి. సర్వీసు పదేళ్ళు నిండకపోతే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని దాచుకోండి, రేపు ఇంకో మిల్లులో చేరితే పాత ఏళ్ళు దానికి కలుస్తాయి. పదేళ్ళు నిండినవాళ్ళకు ఎలాగూ 58 ఏళ్ళకు పెన్షన్ వస్తుంది.