దాణా బస్తా మీద అబద్ధం రాసిన కంపెనీపై కేసు వేయడం ఎలా?

బస్తా మీద మాంసకృత్తులు 20 శాతం అని అచ్చు వేసి, లోపల ఊక, ఇసుక, యూరియా నింపి అమ్మే కంపెనీని కోర్టుకు లాగడానికి చట్టాలకు కొదవ లేదు. నేను చూసిన కేసులు వీగిపోయింది దాదాపు ఎప్పుడూ ఒక్కచోటే: నమూనా దగ్గర.

ముందు కాగితాలు. బిల్లు, బస్తా మూతికి కుట్టిన చీటీ, బస్తాకు రెండు వైపులా ఫొటోలు, పాల కేంద్రం చీటీలు. బిల్లు మీద బ్యాచ్ నంబరు రాయించాలి. రాయనన్న డీలరు దగ్గర దాణా కొనవద్దు. అనుమానం వచ్చిన వెంటనే డీలరుకు ఫోను చేయడం మాత్రం పెద్ద పొరపాటు. తెల్లారేసరికి ఆ బ్యాచ్ గోదాములో ఉండదు.

ఇక నమూనా. చాలామంది సగం వాడిన బస్తాలోంచి గుప్పెడు దాణా తీసి, కవర్లో కట్టి, ప్రయోగశాలకు పంపుతారు. నివేదిక వాళ్లకు అనుకూలంగానే వస్తుంది. అయినా కంపెనీ న్యాయవాది ఒకే మాట అడుగుతాడు: "ఇది మా దాణాయే అనడానికి ఆధారం ఏమిటి?" దానికి జవాబు ఉండదు. కాబట్టి అదే బ్యాచ్‌వి కుట్టు విప్పని బస్తాలు కనీసం రెండు పక్కన పెట్టండి. నేల మీద కాదు, చెక్కల మీద, గోడకు దూరంగా.

పశుసంవర్ధక శాఖ సహాయ సంచాలకులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో పశుదాణా తయారీ, అమ్మకం, నాణ్యతల మీద 2020లో ప్రత్యేక చట్టమే వచ్చింది కాబట్టి అధికారిని నమూనా తీయమని గట్టిగా అడగవచ్చు. కుట్టు విప్పేది ఆయన సమక్షంలోనే, ఇద్దరు సాక్షుల ముందే. డీలరును కూడా పిలవాలి. రాకపోతే ఆ సంగతి పంచనామాలో రాయించాలి.

బస్తా పైభాగం నుంచి మాత్రమే తీస్తే నమూనా కాదు. మోతలో పొడి అడుగుకు దిగుతుంది, గుళికలు పైన మిగులుతాయి. పైన, మధ్యన, అడుగున తీసి, శుభ్రమైన పట్టా మీద కుప్ప పోసి, బాగా కలిపి, నాలుగు భాగాలు చేయండి. ఎదురెదురు రెండు భాగాలు తీసేసి, మిగిలినవి మళ్లీ కలపండి. తగినంత మిగిలేదాకా ఇలాగే. బూజు విషం అఫ్లాటాక్సిన్ దాణా అంతటా సమానంగా ఉండదు, ఒక మూల ముద్దగా ఉంటుంది. గుప్పెడు తీసినవాడికి అది దొరకనే దొరకదు.

ఆ మిగిలిన దాన్ని మూడు భాగాలు చేసి, గాలి చొరని డబ్బాల్లో వేసి, లక్క సీలు వేసి, అందరి సంతకాలు పెట్టించండి. పలచటి ప్లాస్టిక్ కవర్లు వద్దు. దాణా తేమ పీలిస్తే లెక్క మారిపోతుంది. పశుదాణాకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 2052లోని అంకెలు తేమ తీసేసిన లెక్కన ఉంటాయి. నివేదికలో మాంసకృత్తులు 17.8 అని చూసి కేసు గెలిచామనుకోకండి. తేమ 11 శాతం ఉంటే, ఎండు లెక్కన అది సరిగ్గా 20.

ప్రయోగశాలకు రాసే ఉత్తరంలో యూరియా పరీక్ష విడిగా అడగాలి. మాంసకృత్తుల పరీక్ష నిజానికి నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తుంది. యూరియాలో 46 శాతం నత్రజనే. అంటే 50 కిలోల బస్తాలో అర కిలో యూరియా కలిపితే, కాగితం మీద మాంసకృత్తులు దాదాపు 2.9 శాతం పెరుగుతాయి. దూడ కడుపులోకి వెళ్లేది మాత్రం విషం. ఆమ్లంలో కరగని బూడిద (అంటే ఇసుక), అఫ్లాటాక్సిన్ బి1 పరీక్షలు కూడా అడగండి. అఫ్లాటాక్సిన్ బి1కు పరిమితి కిలోకు 20 మైక్రోగ్రాములు.

తర్వాతిది సులువు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మీరుండే చోటే వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే రుసుము లేదు, గడువు రెండేళ్లు. "పాల వ్యాపారం చేసేవాడు వినియోగదారుడు కాడు" అని కంపెనీ వాదిస్తుంది. బతుకుతెరువు కోసం సొంతంగా చేసుకునే పని వాణిజ్యం కిందికి రాదని చట్టమే చెబుతోంది. విత్తనాల విషయంలో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో రైతు వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 2012లో తేల్చింది. ఆ తీర్పు ప్రతి జత చేయండి.

నష్టపరిహారంతో ఆగకండి. సంచి మీద లోపలి సరుకు గురించి తప్పుడు గుర్తు వేసి మోసగిస్తే, భారతీయ న్యాయ సంహిత 350వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు ఉంది. అదే పంచనామా, అదే నివేదికతో పోలీసులకూ ఫిర్యాదు ఇవ్వండి. నోటీసు అందగానే కంపెనీ మనిషి కొత్త బస్తాలతో ఇంటికి వస్తాడు, పాతవి మార్చి ఇస్తానంటాడు. ఖాళీ సంచి కూడా ఇవ్వకండి.