ఇంటికి ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఎలా ఎంచుకోవాలి, ఎలా వాడాలి?

మా అపార్ట్‌మెంటు విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో, సముద్రానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. మెట్ల దగ్గర ఒక ఎర్ర సిలిండరు ఎప్పట్నుంచో వేలాడుతుండేది. ఓ వేసవి రాత్రి కింద మీటర్ బోర్డులోంచి పొగ వస్తుంటే వాచ్‌మన్ దాన్ని దించుకొచ్చాడు. పిన్ను లాగితే రాలేదు. ఉప్పుగాలికి తుప్పు పట్టి పిన్నూ పిడీ ఒకటైపోయాయి. ఈలోగా ఎవరో మెయిన్ ఆపేశారు కాబట్టి మంట పెరగలేదు. పొద్దున చూస్తే లోపలి ఒత్తిడి చూపే గేజిలో ముల్లు కూడా ఎర్ర గీతలోనే ఉంది, అంటే ఒత్తిడి చాలదన్నమాట. రోజూ దాని పక్క నుంచే మెట్లెక్కేవాళ్లం, ఒక్కరమూ చూడలేదు.

కాబట్టి ఏది కొనాలన్నది ఎంత ముఖ్యమో, కొన్నాక ఎలా చూసుకోవాలన్నదీ అంతే ముఖ్యం. వరసగా చెబుతాను.

1. ముందు మీ ఇంట్లో ఏం అంటుకోవచ్చో చూడండి

సిలిండరు మీద ఎ, బి, సి అని అక్షరాలుంటాయి. ఎ అంటే కర్ర, కాగితం, బట్ట, పరుపు లాంటివి. బి అంటే పెట్రోలు, కిరోసిన్, పెయింటు, థిన్నరు. సి అంటే వంటగ్యాసు లాంటి వాయువులు. డి లోహాలకు, అది ఫ్యాక్టరీల గొడవ, మనకక్కర్లేదు. కరెంటు మంటలు వేరే లెక్క. అక్కడ ముందు మెయిన్ కట్టేయాలి, నీళ్లు మాత్రం చల్లకూడదు.

మామూలు ఇంటికి ఏబీసీ పౌడరు సిలిండరు సరిపోతుంది. ఫ్లాటుకైతే 2 కిలోలది చాలు, ఇంట్లో అందరూ ఎత్తగలరు. అపార్ట్‌మెంటు మెట్ల దగ్గరకి, పార్కింగుకి 4 లేదా 6 కిలోలది తీసుకోండి. దీనికో చిక్కుంది. వాడాక ఆ పసుపు పొడి ఇల్లంతా పరుచుకుంటుంది. మన ఊరి తేమకి చెమ్మ పట్టి వస్తువుల్ని తినేస్తుంది. టీవీ మీదా కంప్యూటరు మీదా పడితే వాటి మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకే ద్వారకానగర్‌లో జిరాక్సు షాపో, కోచింగ్ సెంటరో నడిపేవాళ్లు కంప్యూటర్ల దగ్గర కార్బన్ డయాక్సైడుది పెట్టుకోవడం మేలు. అది ఏ మరకా మిగల్చదు. కానీ ఇరుకు గదిలో వాడితే గాలి ఆడదు, వాడిన వెంటనే బయటికొచ్చేయాలి. దాని కొమ్ము గొట్టాన్ని ఉత్త చేత్తో పట్టుకోవద్దు, మంచులా గడ్డకట్టి చర్మం అంటుకుపోతుంది.

బీచ్ రోడ్డులో బజ్జీల బండి, కర్రీ పాయింటు, హోటలు వంటిల్లు నడిపేవాళ్ల సంగతి వేరు. రోజంతా లోతు మూకుళ్లలో నూనె కాగుతుంటుంది. దానికోసమే వెట్ కెమికల్ రకం ఉంది. కాగిన నూనె మీద సబ్బులాంటి పొర కట్టి మళ్లీ అంటుకోకుండా ఆపుతుంది. పౌడరు కొడితే మంట ఆరినట్టే ఆరి, నూనె వేడి తగ్గకపోవడంతో మళ్లీ లేస్తుంది.

2. కొట్టులో ఏం చూడాలి?

ఐఎస్ఐ గుర్తు, దాంతోపాటు ఐఎస్ 15683 అనే నంబరు. తయారైన సంవత్సరం. గేజి ముల్లు పచ్చ భాగంలో ఉండటం. పిన్నుకి సీలు తెగకుండా ఉండటం. కార్బన్ డయాక్సైడు సిలిండరుకి గేజి ఉండదు, కంగారు పడకండి. దాన్ని తూకం వేసి చూస్తారు. కార్లో పెట్టుకునే చిన్న స్ప్రే డబ్బాలను ఇంటికి నమ్ముకోవద్దని నా మాట.

3. ఎక్కడ తగిలించాలి?

చాలామంది స్టవ్ పక్కనే పెడతారు. స్టవ్ దగ్గర మంట లేస్తే దాన్ని అందుకోవడానికి మంటలోనే చెయ్యి పెట్టాలి! వంటింటి గుమ్మం బయట, వీధి తలుపుకి వెళ్లే దారిలో తగిలించండి. సిలిండరు తీసుకున్నాక మీ వీపు తలుపు వైపు ఉండాలి, మంట వైపు కాదు. బాల్కనీలో మాత్రం వద్దు. సముద్రపు గాలికి ఆరు నెలల్లో ఏమవుతుందో గ్రిల్లు చూస్తే తెలుస్తుంది.

4. ఎలా వాడాలి?

2 కిలోల సిలిండరు పది సెకన్లు అటూఇటుగా పనిచేస్తుంది. అంతే. కాబట్టి తడబడకూడదు. పిన్ను లాగండి. రెండు మీటర్ల దూరంలో నిలబడి గొట్టాన్ని మంట మొదటికి గురిపెట్టండి, పైకెగిరే నాలుకలకి కాదు. పిడి నొక్కి, చీపురుతో ఊడ్చినట్టు అటూ ఇటూ తిప్పండి. ఆరాక కూడా వెంటనే వీపు తిప్పొద్దు.

పిన్ను లాగేటప్పుడు పిడి నొక్కి పట్టుకుంటే పిన్ను బిగుసుకుపోతుంది. కంగారులో అందరూ చేసే పొరపాటు ఇదే. పిడి వదిలి, సిలిండరుని అడుగున పట్టుకుని పిన్ను లాగితే సులువుగా వస్తుంది.

5. మూకుడు అంటుకుంటే, గ్యాసు వాసనొస్తే

మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్లు పోయొద్దు. నీళ్లు నూనె అడుక్కి దిగి, ఒక్కసారిగా 1,700 రెట్లు పెద్దదైన ఆవిరిగా లేస్తాయి, ఆ విసురుకి కాగిన నూనె కప్పు దాకా ఎగురుతుంది. స్టవ్ కట్టేసి, మూతో పెద్ద పళ్లెమో పక్క నుంచి జరుపుతూ మూసేయండి. మూకుడిని ఎత్తి బయటికి తీసుకెళ్లే సాహసం వద్దు. చల్లారేదాకా మూత తియ్యొద్దు.

గ్యాసు సంగతి ఈ ఊరికి వేరే చెప్పనక్కర్లేదు. 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్పీజీ లీకై అంటుకుంటే యాభై మందికి పైగా చనిపోయారు. ఈ గ్యాసు గాలికన్నా బరువు, నేల మీద పాకుతూ నిప్పుని వెతుక్కుంటుంది. వాసన వస్తే లైటు వెయ్యొద్దు, వెలుగుతున్న లైటు ఆర్పొద్దు. రెగ్యులేటరు కట్టేసి, కిటికీలు తలుపులు తెరిచి, బయటికెళ్లాక 1906కి ఫోన్ చేయండి. గ్యాసు సిలిండరు మూతి దగ్గరే మండుతుంటే, చేతికి తడి గుడ్డ చుట్టుకుని వాల్వు కట్టేయడమే అసలు మందు. వాల్వు మూయకుండా పౌడరుతో మంటొక్కటే ఆర్పితే గ్యాసు గదిలో నిండి, తరవాతి నిప్పురవ్వతో పేలుతుంది. వాల్వు దాకా వెళ్లలేకపోతే అందర్నీ తీసుకుని బయటపడండి.

6. ఎప్పుడు వదిలేయాలి?

మంట మీ నడుం ఎత్తు దాటితే, గదిలో పొగ కమ్మితే, లేదా సిలిండరు అయిపోయినా మంట మిగిలితే, ఇక అది మన పని కాదు. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటు మీద లేచిన మంట పక్కపక్కన కట్టేసిన దాదాపు 40 మరబోట్లకు పాకింది. బోట్లలో డీజిలు, గ్యాసు సిలిండర్లు ఉన్నాయి మరి. తలుపు మూసి (తాళం వద్దు), పొగలో వంగి నడుస్తూ, లిఫ్టు జోలికి పోకుండా మెట్లు దిగండి. 101 లేదా 112కి ఫోన్ చేసి అపార్ట్‌మెంటు పేరు ఒక్కటే కాక పక్కనున్న గుడో, బస్టాపో చెప్పండి. పార్కింగు కోసం గేటుకి అడ్డంగా పెట్టిన కార్లు తీయించండి. ఫైరింజను వచ్చాక తాళాల కోసం వెతుక్కునే ఇళ్లే ఎక్కువ.

7. నెలకోసారి, ఏడాదికోసారి

నెలకోసారి ముల్లు చూడండి, సీలు చూడండి, తడి గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. పౌడరు సిలిండరైతే తలకిందులు చేసి రెండుసార్లు తట్టండి, లేకపోతే పొడి అడుగున గడ్డకడుతుంది. ఒక్క సెకను నొక్కి చూసినా రీఫిల్లుకి పంపాల్సిందే. వాల్వులో చిక్కుకున్న పొడి వల్ల ఒత్తిడి మెల్లగా కారిపోతుంది. ఏడాదికోసారి సర్వీసు చేసేవాళ్లని పిలవండి. సిలిండరు బలం తెలుసుకునే నీటి ఒత్తిడి పరీక్ష పౌడరుదానికి మూడేళ్లకి, కార్బన్ డయాక్సైడుదానికి ఐదేళ్లకి ఒకసారి చేయించాలి.

మా మెట్ల దగ్గర ఇప్పుడు కొత్తది ఉంది. వాచ్‌మన్ ప్రతి నెలా ఒకటో తారీఖున, మెయింటెనెన్స్ డబ్బులు వసూలు చేసే రోజునే, దాన్ని దించి తుడిచి, పక్కన వేలాడే అట్ట మీద తేదీ రాసి సంతకం పెడతాడు. మొన్న ఎవరో పిల్లాడు ఆ అట్ట మీద పెన్సిల్‌తో ఫైరింజను బొమ్మ గీశాడు. దాన్ని చెరపనివ్వలేదు.