అంతరించిపోతున్న జీవుల కోసం పాటుపడిన కళాకారులను అధికారికంగా సత్కరించడం ఎలా?

తోలుబొమ్మలాట, బుర్రకథ, చెక్కభజన, వీధినాటకం ప్రదర్శించేవారైనా, యూట్యూబ్‌లో చిన్న నాటికలు చేసే యువకులైనా, తమ కళను అంతరించిపోతున్న ఒక పక్షి కోసమో జంతువు కోసమో వినియోగిస్తే వారికి దక్కవలసినది ఒక్క శాలువా మాత్రమే కాదు. చేసిన పని ఏమిటో స్పష్టంగా రాసి, ప్రభుత్వ ముద్ర వేసి ఇచ్చిన పత్రం వారికి అందాలి. కడప, కర్నూలు, అనంతపురం ప్రాంతాల్లో అటువంటి సత్కారం జరిపించదలచిన గ్రామ పెద్దలకు, కళాసంఘాలకు, ఉపాధ్యాయులకు ఉపయోగపడేలా పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా పనిని గుర్తించాలి

దరఖాస్తులో "పర్యావరణ సేవ" అని రాస్తే ఏ అధికారీ దానిని ముందుకు కదపలేరు. ఏ జీవి, ఏ ప్రాంతం, ఎవరికి ఏమి చెప్పారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు ఉండాలి. లంకమల అడవినే తీసుకుందాం. 1900 తరువాత ఎవరికీ కనిపించకపోవడంతో అంతరించిపోయిందని శాస్త్రజ్ఞులు భావించిన కలివి కోడి, స్థానికంగా పిట్టలు పట్టేవారి సాయంతో 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. దాని కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారిని కూడా మార్చవలసి వచ్చింది. రాత్రిపూట మాత్రమే తిరిగే ఈ పక్షికి ముళ్లపొదలూ కావాలి, పొదల మధ్య ఖాళీ నేలా కావాలి. కట్టెలు కొట్టేవారికి, మేకలు కాచేవారికి ఈ సంగతిని పాటగానో కథగానో అర్థమయ్యేలా చెప్పిన కళాకారులు చేసినది స్పష్టంగా పేర్కొనదగిన పని.

పాత కర్నూలు జిల్లాలోని రోళ్లపాడు పరిస్థితి వేరు. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యాన్ని ప్రకటించారు. గడ్డి మైదానంలో కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల పైర్లను మేయడంతో రైతులకు ఆ అభయారణ్యం మీదనే కోపం కలిగింది. అక్కడ ప్రదర్శన ఇచ్చేవారు పక్షి గొప్పతనాన్ని మాత్రమే పాడి వెళ్లిపోతే ఊరివారు వినరు, వినవలసిన అవసరమూ లేదు. రైతు నష్టాన్ని కూడా కథలోకి తెచ్చి, ఆ రైతు ముందే నిలబడి పక్షి పక్షాన మాట్లాడగలిగిన కళాకారుడి సేవ నా దృష్టిలో పట్టణ వేదికల మీద ఇచ్చిన అనేక ప్రదర్శనల కంటె విలువైనది. పేర్లను ఎంపిక చేసే సంఘం ఈ తేడాను తప్పక గమనించాలి.

ఎవరిని సత్కరించకూడదో కూడా ముందే నిర్ణయించుకోవాలి. అరుదైన పక్షి ఉండే చోటును వీడియోలో బయటపెట్టినవారు, దాని కూతను మళ్లీ మళ్లీ వినిపించి దానిని బయటికి రప్పించినవారు, నక్షత్ర తాబేలునో పామునో చేతిలో పట్టుకుని వినోదం చూపినవారు ఎంత ప్రసిద్ధులైనా ఈ సత్కారానికి తగరు. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహాలను ప్రదర్శనల్లో ఆడించడాన్ని కేంద్ర ప్రభుత్వం 1998లోనే నిషేధించింది.

తరతరాలుగా వచ్చిన వేషసామగ్రి విషయంలో మాత్రం మెలకువగా వ్యవహరించాలి. మైలార లింగేశ్వరుని భక్తులై నృత్యం చేసే గొరవయ్యల తలపై కనిపించే ఎలుగుబంటి బొచ్చు టోపీ వంటివి వారి ఆచారంలో భాగం. వేదిక మీద వారిని ఇబ్బంది పెట్టకుండా, ముందుగానే అటవీ అధికారితో మాట్లాడి, చట్టం ఏమి చెబుతుందో వారికి గౌరవంగా వివరించి, అవసరమైతే కృత్రిమ బొచ్చుతో చేసిన టోపీని సమకూర్చాలి. నిమ్మలకుంట బొమ్మలాట కళాకారులు ఒకప్పుడు దేవతల బొమ్మలకు జింక చర్మం వాడేవారు. ఇప్పుడు మేక చర్మంతోనే అంతటి అందమైన బొమ్మలు చేస్తున్నారు.

ఆధారాలు, దరఖాస్తు

ప్రదర్శన జరిగిన ఊరు, తేదీ, ఇతివృత్తం, హాజరైనవారి వివరాలు ఒక పట్టికగా రాసి, వాటికి సర్పంచి లేదా ప్రధానోపాధ్యాయుల ధ్రువీకరణ, అటవీ రేంజి అధికారి లేఖ, కొన్ని ఫొటోలు, ఒక వీడియో జతచేయాలి. ప్రదర్శనల వల్ల పక్షుల సంఖ్య పెరిగిందని ఎన్నడూ రాయకూడదు, ఎందుకంటే దానిని నిరూపించడం అసాధ్యం, నిరూపించలేని ఒక్క వాక్యం మొత్తం దరఖాస్తు మీద అనుమానం కలిగిస్తుంది. ఒక ఊరివారు ఉచ్చులు తెచ్చి అప్పగించి ఉంటే, అడవిలో మంటలు కనబడగానే కబురు పెట్టడం మొదలుపెట్టి ఉంటే, ఆ సంగతిని సాక్షుల సంతకాలతో రాయవచ్చు.

2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగిన తరువాత రోళ్లపాడు నంద్యాల జిల్లాలోకి, నిమ్మలకుంట శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. కళాకారుడి ఊరు ఒక జిల్లాలో, పని జరిగిన అడవి మరో జిల్లాలో ఉండే అవకాశం ఉంది కాబట్టి, పని జరిగిన జిల్లా అటవీ అధికారికి అసలు దరఖాస్తును, సొంత జిల్లా కలెక్టరుకు నకలును పంపడం మేలు. గణతంత్ర దినోత్సవం, స్వాతంత్ర్య దినోత్సవాల నాడు కలెక్టరు చేతుల మీదుగా ఇచ్చే ప్రశంసాపత్రాలకు శాఖల నుంచి పేర్లు ముందుగానే వెళతాయి. అక్టోబరు 2 నుంచి 8 వరకు జరిగే వన్యప్రాణి వారోత్సవాలు ఈ సత్కారానికి మరింత తగిన సందర్భం. అందుకు ఆగస్టులోనే కాగితాలు అందజేయాలి.

గ్రామస్థాయిలో కూడా అధికారిక మార్గం ఉంది. జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోను జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఆ కమిటీ, గ్రామసభ కలిసి చేసిన తీర్మానం చిన్నదిగా కనిపించినా పంచాయతీ రికార్డులో నిలిచిపోతుంది, పై స్థాయి దరఖాస్తుకు బలమైన ఆధారమూ అవుతుంది. కళాకారుడికి తెలిసిన పక్షుల పేర్లను, పాటలను స్థానిక జీవజాతుల గురించి, వాటిపై ప్రజలకు ఉన్న జ్ఞానం గురించి రాసి ఉంచే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో వారి అనుమతితో నమోదు చేయించడం కూడా ఒక సత్కారమే.

ప్రశంసాపత్రంలోని మాటలు

ఈ పనిలో అన్నిటికంటె ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది ఇక్కడే. "కళాసేవలో విశేష కృషి చేసినందుకు" అనే వాక్యం ఎవరికైనా సరిపోతుంది. దానికి బదులు ఇలా రాయించవచ్చు: "ఫలానా గ్రామానికి చెందిన తోలుబొమ్మలాట బృందం, లంకమల అభయారణ్యం అంచున ఉన్న గ్రామాల్లో కలివి కోడి జీవన విధానాన్ని ప్రదర్శనల ద్వారా వివరించి, పొదలను నరకకుండా పశువుల కాపరులలో అవగాహన కలిగించినందుకు, జిల్లా యంత్రాంగం కృతజ్ఞతతో ఈ పత్రాన్ని అందజేస్తున్నది." ఈ ముసాయిదాను దరఖాస్తుతోపాటే ఇస్తే కార్యాలయ సిబ్బందికి పని తగ్గుతుంది, మాటలు మారిపోయే ప్రమాదమూ తగ్గుతుంది. బొమ్మలు ఆడించినవారితోపాటు తెర వెనుక పాడిన స్త్రీల పేర్లు, మద్దెల వాయించినవారి పేర్లు కూడా అందులో ఉండాలి.

బాధ్యతతో కూడిన గౌరవం

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 4వ సెక్షన్ కింద గౌరవ వన్యప్రాణి సంరక్షకులను (ఆనరరీ వైల్డ్‌లైఫ్ వార్డెన్లను) నియమించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఏళ్ల తరబడి పనిచేసిన కళాకారుడికి ఈ నియామకాన్ని ప్రతిపాదించడం ఏ పతకం కంటె కూడా అర్థవంతమని నా అభిప్రాయం. అమెరికా అటవీ సేవా సంస్థ 2010లో నటి బెట్టీ వైట్‌ను గౌరవ రేంజరుగా నియమించింది. ఒక నటికి అటవీశాఖ ఇచ్చిన గౌరవానికి అది చక్కని ఉదాహరణ.

జాతీయ స్థాయిలో, వన్యప్రాణి రక్షణలో ధైర్యసాహసాలు చూపినవారికి కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఇచ్చే అమృతాదేవి బిష్ణోయ్ పురస్కారం ఉంది. పద్మ పురస్కారాలకు ఎవరైనా ఆన్‌లైన్‌లో పేరును సూచించవచ్చు. కృషి వివరణ 800 పదాలు దాటకూడదు. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో తోలుబొమ్మలాట కళలో పద్మశ్రీ లభించింది కాబట్టి, మన పల్లె కళాకారులకు ఆ ద్వారం మూసుకుని లేదు. అయితే పద్మ పురస్కారాన్ని బిరుదుగా పేరుకు ముందో వెనుకో చేర్చుకోకూడదని సుప్రీంకోర్టు 1995లో స్పష్టం చేసింది.

సభ ఏర్పాట్లు

వీలైతే సభను జిల్లా కేంద్రంలో కాకుండా పని జరిగిన ఊరిలోనే, అభయారణ్యానికి దూరంగా, టపాసులు లేకుండా, చీకటి పడకముందే ముగిసేలా జరపాలి. సినీ ప్రముఖులను పిలిస్తే జనం వస్తారు కానీ, వారు ముఖ్య అతిథులుగానే ఉండాలి. సత్కారం పొందేవారు మాట్లాడిన తరువాతే అతిథులు మాట్లాడాలి. కళాకారులను ప్రదర్శన ఇవ్వమని కోరితే పారితోషికం, దారి ఖర్చులు తప్పక చెల్లించాలి. ఎర్రచందనంతో చేసిన జ్ఞాపికను ఎట్టి పరిస్థితుల్లోను ఇవ్వకూడదు, ఎందుకంటే ఆ చెట్టే అంతరించిపోతున్న జాతుల్లో ఒకటి. నిమ్మలకుంట మేకచర్మపు దీపపు తెరను కొని ఇస్తే మరొక కళాకారుడికి ఉపాధి కూడా కలుగుతుంది.

సభ ముగిసిన వారంలోపు, ప్రశంసాపత్రం ప్రతిని పంచాయతీ రికార్డులో చేర్పించి, ధ్రువీకరించిన నకళ్లను బృందంలోని ప్రతి ఒక్కరికీ విడివిడిగా అందజేయాలి.