గాయం నుంచి ఎదుగుదల – 4వ పాఠం: ముందు జరిగింది రాయండి, నీతి తర్వాత

ఈ వారం క్షమించడం గురించి చెప్పాల్సింది. దాన్ని వచ్చే వారానికి నెట్టేశాను. మూడో పాఠంలో ఇచ్చిన పని, అంటే మనసుని నొప్పించిన ఒక సంగతిని వరసగా నాలుగు రోజులు, రోజుకి పదిహేను నిమిషాలు రాయడం, చాలామందిని ఇబ్బంది పెట్టిందని మీ ఉత్తరాలు చెబుతున్నాయి. ముందు అది తేలుద్దాం.

చిన్న చిక్కులు మొదట. పడుకోబోతూ రాసి నిద్ర పట్టలేదన్నవాళ్ళు పగలు రాయండి. రాసిన వెంటనే మనసు ఇంకాస్త బరువెక్కడం మామూలే. 1986లో మనస్తత్వ పరిశోధకులు జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ అమెరికాలో కాలేజీ పిల్లల చేత ఇలాగే రాయించినప్పుడు కూడా ఆ పూటకి దిగులు పెరిగింది. కానీ జరిగినదాన్నీ, దాని గురించి మనసులో ఉన్నదాన్నీ కలిపి రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి వెళ్ళడం తగ్గింది. నేనైతే తెల్లవారుజామున పెన్సిల్‌తో రాస్తాను. ఫోన్‌లో రాయడం నాకు గిట్టదు, కారణం అడక్కండి.

ఈ పాఠాలు కోడలి చేత చదివించుకుని వింటున్నానన్న రాయగడ పిన్నిగారూ, మీలా ఒడియా మీడియంలో చదివి తెలుగు అక్షరాలు రానివాళ్ళూ, తెలుగు మాటల్నే ఒడియా లిపిలో రాసుకోండి. ఏ భాషలో ఏడుస్తారో ఆ భాషలో రాస్తే చాలు.

దెబ్బ తగిలి నెల కూడా కానివాళ్ళు ఈ పాఠం పక్కన పెట్టండి. జరిగింది పదేపదే కళ్ళముందుకొచ్చి ఒళ్ళు బిగుసుకుపోతున్నా, బతకాలని లేకపోయినా పుస్తకం మూసి 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, మనసు బాగోలేనివాళ్ళకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సహాయం, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు.

ఇక నాకు ఒళ్ళు మండిన సంగతి. మొదటి వాక్యం ఒక్కటీ పంపమన్నాను కదా. సగానికి పైగా ఒకటే పాట. ‘అంతా మన మంచికే.’ ‘దేవుడు పరీక్ష పెట్టాడు.’ ‘పూర్వజన్మ కర్మ, అనుభవించక తప్పదు.’ ‘ఆ దెబ్బే నన్ను మనిషిని చేసింది.’ అయ్యా, ఏం జరిగిందో ఇంకా రాయనే లేదు, దాని ఫలశ్రుతి ముందే వచ్చేసిందా? పుండు కడక్కుండా కట్టు కట్టినట్టుంది. ఆ మాటలు అబద్ధమని నేననను. నలభై పేజీలు రాసిన తర్వాత మీ అంతట మీకే తోస్తే నమస్కారం పెడతాను. మొదటి వాక్యంలోనే వస్తే మాత్రం అవి మీవి కావు, పరామర్శకి వచ్చినవాళ్ళు కుర్చీలో వదిలి వెళ్ళినవి. దెబ్బ తిన్నవాళ్ళలో వచ్చే ఎదుగుదలని 1990లలో పరిశీలించిన అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్హూన్ కూడా ఎదుగుదలను దెబ్బ ఖాతాలో వేయలేదు. దెబ్బ తిన్నాక మనిషి పడే పెనుగులాటలోంచి వస్తుందన్నారు. వచ్చినా బాధ పోవాలని లేదనీ అన్నారు.

భక్తులకి ఇది కష్టంగా ఉంటే గీత మొదటి అధ్యాయం తీయండి. అర్జునుడు ముందు ఒంటి సంగతి చెబుతాడు: అవయవాలు పట్టు తప్పుతున్నాయి, నోరు ఎండిపోతోంది, గాండీవం జారిపోతోంది. కృష్ణుడు కాస్త మందలించాడు. ‘శిష్యుణ్ణి, చెప్పు’ అని అర్జునుడు అడిగేదాకా ఉపదేశం ఎత్తుకోలేదు. అది రెండో అధ్యాయం పదకొండో శ్లోకంలో గానీ మొదలవదు. మనం మొదటి శ్లోకంలోనే పదకొండోది చదివేస్తున్నాం.

గోపాలపూర్ కుర్రాడొకడు ఒప్పుకున్నాడు కాబట్టి అతని రాత చూపిస్తున్నాను. మొదట రాసింది: ‘నాకు ఓర్పు నేర్పడానికే ఆ తుఫాను వచ్చింది, మాస్టారూ.’ కొట్టేయమన్నాను. తర్వాత రాసింది:

‘2013 అక్టోబరు 12, అష్టమి. ఫైలిన్. రాత్రంతా బడిలో ఉన్నాం. తెల్లారి వచ్చేసరికి పడవ రెండు ముక్కలు. నాన్న దాని పక్కన కూచుని వల చిక్కు తీస్తున్నాడు. నాకు కడుపులో తిప్పింది. ముందురోజు ఇంకా పైకి లాగుదామంటే వినలేదు. ఆ అప్పుకే నేను సూరత్‌లో పవర్‌లూమ్ మీద పడ్డాను. నాన్నతో సరిగా మాట్లాడి ఏళ్ళయింది.’

ఓర్పు కింద ఉన్నది తండ్రి మీద కోపం. నాలుగో రోజు అతనే ఇంకో వాక్యం చేర్చాడు: ‘నాన్నకి అప్పటికే మోకాళ్ళు పనిచేసేవి కాదు, నలుగుర్నీ పిలవడానికి సిగ్గుపడ్డాడు.’ ఇది నేను చెప్పింది కాదు, ఏ ప్రవచనంలోనూ దొరికేది కాదు.

అభ్యాసం. మీ నాలుగు రోజుల రాతలో నీతి, కర్మ, పరీక్ష, పాఠం అని ఎక్కడ కనబడినా గీత కొట్టండి. ఆ ఖాళీలో చోటు, వేళ, చేతులు చేస్తున్న పని, ఒంట్లో తెలిసింది రాయండి. అది అయ్యాక అదే రోజుని అవతలి మనిషి ‘నేను’ అంటున్నట్టుగా ఒక పేజీ రాయండి. చాలా కష్టం, తెలుసు. మిమ్మల్ని కొట్టినవాళ్ళ గురించీ, చెరిచినవాళ్ళ గురించీ అయితే ఈ రెండో పని వద్దు, ఎవరు అడిగినా చేయకండి. కొట్టేసిన వాక్యాలని మాత్రం నోట్‌బుక్ చివరి పేజీలో ఎక్కించి ఉంచండి, ఆరో పాఠంలో వాటితో పనుంది.