గ్లైకోసిలేషన్ డేటాబేస్ మనమే కడదాం – 3వ భాగం: స్థానాల పట్టిక

ప్రోటీన్లకు గ్లైకాన్లు, అంటే చక్కెర గొలుసులు, అతుక్కోవడమే గ్లైకోసిలేషన్. క్రితం భాగంలో ప్రోటీన్లకు, గ్లైకాన్లకు, పరిశోధన పత్రాలకు విడివిడిగా పట్టికలు పెట్టుకున్నాం. ఆ మూడింటినీ ముడివేసేది స్థానాల పట్టిక. గ్లైకాన్ అతుక్కున్నది ఏ ప్రోటీన్‌లో, ఎన్నో అమైనో ఆమ్లానికి, అంతేగా అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకుని ఒకే అంకె కాలమ్ పెట్టాను. చివరికి పట్టికంతా చెరిపి మళ్లీ నింపాల్సి వచ్చింది.

ఎర్ర రక్తకణాల తయారీని పెంచే హార్మోన్ ఎరిత్రోపోయిటిన్‌నే తీసుకోండి. దాని ఎన్-గ్లైకోసిలేషన్ (ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లానికి గ్లైకాన్ అతుక్కోవడం) స్థానాలు చాలా పత్రాల్లో 24, 38, 83 అని ఉంటాయి. ప్రోటీన్ల సమాచారం ఉండే డేటాబేస్ యూనిప్రోట్‌లో దాని ఎంట్రీ పి01588 తెరిస్తే 51, 65, 110. ఎవరిదీ తప్పు కాదు. ఈ ప్రోటీన్ పుట్టేటప్పుడు ముందు 27 అమైనో ఆమ్లాల సిగ్నల్ పెప్టైడ్ ఉంటుంది, తర్వాత తెగిపోతుంది. పత్రాలవాళ్లు తెగాక మిగిలినదాన్ని లెక్కపెట్టారు, యూనిప్రోట్ మొదటి నుంచీ లెక్కపెడుతుంది. రెండు లెక్కలూ ఒకే కాలమ్‌లో పడ్డాయా, మూడు స్థానాల ప్రోటీన్‌కు మీ డేటాబేస్ ఆరు చూపిస్తుంది.

అందుకని నాలుగు కాలమ్‌లు పెట్టండి: పత్రంలో ఉన్న అంకె, అది ఏ లెక్క ప్రకారం, యూనిప్రోట్ లెక్కలో అంకె, ఆ సీక్వెన్స్ ఎన్నో వెర్షన్. మొదటి కాలమ్‌ను మాత్రం ఎప్పుడూ దిద్దొద్దు. మీరు మార్చిన అంకెలో పొరపాటు దొర్లితే వెనక్కి వెళ్లడానికి మిగిలే దారి అదొక్కటే.

ఇక తనిఖీ. ఎన్-గ్లైకోసిలేషన్ అయితే ఆ స్థానంలో ఆస్పరజిన్ ఉండాలి. ఆ పక్కది ప్రోలిన్ కాకూడదు, దాని తర్వాతది సెరిన్ గానీ థ్రియోనిన్ గానీ కావాలి. పి01588లో 24 దగ్గర చూస్తే ఆస్పరజిన్ బదులు ప్రోలిన్ ఉంటుంది, అంటే లెక్క మారిందని వెంటనే తెలిసిపోతుంది. 51 దగ్గర ఆస్పరజిన్, ఐసోల్యూసిన్, థ్రియోనిన్ వరుసగా కనిపిస్తాయి. ఆస్పరజినే లేకపోతే ఆ ఎంట్రీని పట్టికలో చేరకుండా ఆపేయండి. ఆస్పరజిన్ ఉండి మూడోది మాత్రం సిస్టీన్ అయితే ఆపకండి, గుర్తు పెట్టి వదిలేయండి. అరుదే అయినా అలాంటివి ఉన్నాయి. సెరిన్‌కో థ్రియోనిన్‌కో గ్లైకాన్ అతుక్కునే ఓ-గ్లైకోసిలేషన్‌కు ఇలాంటి స్థిరమైన వరుస లేదు. అక్కడ సెరిన్ లేదా థ్రియోనిన్ ఉందో లేదో చూస్తే ప్రస్తుతానికి చాలు.

రుజువుకూ ఒక కాలమ్ ఉండాలి. పీఎన్‌జేస్ ఎఫ్ ఎంజైమ్ గ్లైకాన్‌ను కోసేశాక ఆస్పరజిన్ ఆస్పార్టిక్ ఆమ్లంగా మారి, బరువు 0.984 డాల్టన్లు పెరుగుతుంది. గ్లైకాన్ లేకున్నా ఆస్పరజిన్ దానంతటదే ఇలా మారే డీఅమిడేషన్‌లోనూ సరిగ్గా అంతే పెరుగుతుంది. కాబట్టి ఆ ఒక్క ఆధారంతో వచ్చిన స్థానాన్నీ, గ్లైకాన్ అతుక్కుని ఉండగానే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో (అణువుల బరువు కొలిచే యంత్రం) చూసిన స్థానాన్నీ ఒకే గాట కట్టకండి.

వచ్చే భాగం లోపు ఒక అభ్యాసం. ఐజీజీ1 యాంటీబాడీలో గ్లైకాన్ ఉండే ఆస్పరజిన్‌ను అందరూ 297 అంటారు. యూనిప్రోట్ పి01857లో అది 180. అంకె ఇక్కడ పెరగలేదు, 117 తగ్గింది. కాబట్టి సిగ్నల్ పెప్టైడ్ కారణం కాదు. ఆ ఎంట్రీలో ప్రోటీన్‌లోని ఏ భాగం ఉందో చూసి, లెక్క కాలమ్‌లో ఏం రాయాలో తేల్చండి.