ఎడారి ట్యాంకుల మోడళ్లు: తేదీ చూసి కొనడం ఎలా

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ పక్షానికీ ఇటలీ, జర్మనీలకూ మధ్య ఉత్తర ఆఫ్రికా పోరు 1940 జూన్‌లో మొదలై 1943 మేలో ట్యునీషియాలో ముగిసింది. ఆ మూడేళ్లలో ట్యాంకులు ఎంతగా మారిపోయాయంటే, పెట్టె మీద ఎడారి బొమ్మ ఉన్నంత మాత్రాన రెండు మోడళ్లను ఒకే అరలో పక్కపక్కన పెట్టడానికి వీల్లేదు. అందుకే కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారు ఏదో ఒక పోరాటాన్ని ఎంచుకుని, దాని తేదీలకు సరిపోయినవే కొనడం మేలని నా అభిప్రాయం.

మనవాళ్లకు దగ్గరైన ఆరంభం 1940 డిసెంబరు నాటి ఆపరేషన్ కంపాస్, అంటే ఈజిప్టులోకి వచ్చిన ఇటలీ సేనపై బ్రిటిష్‌వారి దాడి. సిదీ బర్రానీ వద్ద నాలుగో భారతీయ డివిజన్‌తో కలిసి దాడికి దిగినవి బ్రిటిష్ మటిల్డా ట్యాంకులు. వాటికి ఎదురుగా ఇటలీవారి ఎం13/40 ట్యాంకు ఒకటి ఉంటే అరకు నిండుదనం వస్తుంది. 1942 మే 26న మొదలైన లిబియాలోని గజాలా పోరును ఎంచుకుంటే, బ్రిటిష్‌వారు వాడిన అమెరికన్ ట్యాంకు గ్రాంట్ తప్పనిసరి. అదే ఏడాది అక్టోబరు 23న మొదలైన ఈజిప్టులోని రెండో ఎల్ అలమీన్ పోరుకైతే మరో అమెరికన్ ట్యాంకు షెర్మన్ కావాలి. జర్మన్ల టైగర్ ట్యాంకులు ఆ ఏడాది నవంబరులో గాని ట్యునీషియాకు రాలేదు కాబట్టి, అలమీన్ అరలో టైగర్‌కు చోటు లేదు. ఇక జర్మన్లదే అయిన పాంథర్ ట్యాంకు ఆఫ్రికాలో అడుగే పెట్టలేదు. దానికి ఇసుక రంగు పూసి ఆఫ్రికాలో పోరాడిన జర్మన్ దళం ఆఫ్రికా కోర్ తాటిచెట్టు గుర్తు వేసి అమ్మితే, ధర ఎంత తక్కువైనా వదిలేయండి.

స్కేలు విషయం ఇంట్లో ఉన్న చోటును బట్టి తేల్చుకోవాలి. 1/35లో, అంటే అసలు ట్యాంకులో 35వ వంతు కొలతలో, టైగర్ ఫిరంగితో కలిపి సుమారు 24 సెంటీమీటర్లు ఉంటుంది. 1/72లో 12 సెంటీమీటర్లలోపే కనుక, ఫిరంగి ముందుకు ఉండేలా పక్కపక్కన పెడితే అడుగు వెడల్పు అరలో అయిదు ట్యాంకులు పడతాయి. అతికించి రంగులు వేసే ఓపిక ఉన్నవారికి టమియా అనే జపాన్ కంపెనీ 1/35 కిట్లు, అంటే విడిభాగాల పెట్టెలు, మంచి మొదలు. ఓపిక లేకపోతే, రంగు వేసి సిద్ధంగా వచ్చే డైకాస్ట్ (లోహంతో పోతపోసిన) మోడళ్లు ఉండనే ఉన్నాయి.

నకిలీ ఎడారితనం ఎక్కువగా బయటపడేది రంగులోనే. 1940-41లో బ్రిటిష్ ట్యాంకులకు వేసిన, కాంటర్ పద్ధతి అని పిలిచే మూడు రంగుల తిన్నని అంచుల పట్టీలలో ఒకదాన్ని చాలాకాలం లేత నీలంగా వేస్తూ వచ్చారు. నిజానికి అది వెండి బూడిద రంగు. అందుకే పాత డైకాస్ట్ మటిల్డా మీద ఆకాశనీలం కనిపిస్తే అది తయారీనాటి అవగాహన అనుకోవాలి. 1941 మార్చిలో లిబియాలోని ట్రిపోలీలో దిగిన జర్మన్ ట్యాంకులు ఐరోపాలో వాడే ముదురు బూడిద రంగులోనే వచ్చాయి, ఇసుక రంగు పడింది ఆ తర్వాతే. కాబట్టి అప్పటి జర్మన్ ట్యాంకు పాంజర్ 3 మోడల్‌లో మూతల అంచుల దగ్గర, సిబ్బంది కాలుపెట్టి ఎక్కే చోట ఇసుక రంగు రాలి అడుగున బూడిద తొంగిచూడాలే తప్ప, కొత్త స్టీలు గిన్నెలా మెరుపు కనిపించకూడదు.

గ్రాంట్ కొనేటప్పుడు టరెట్ (పైన తిరిగే ఫిరంగి గుమ్మటం) పైభాగం చూడండి. అక్కడ మెషిన్‌గన్ ఉన్న చిన్న గుమ్మటం ఉంటే అది అమెరికన్ తరహా లీ. బ్రిటిష్‌వారు తమకోసం చేయించుకున్న గ్రాంట్‌కు ఆ గుమ్మటం ఉండదు.

వాడిన కిట్లు కొనేవారు ట్రాక్‌లను (చక్రాల చుట్టూ తిరిగే పట్టాలను) వేలితో తడిమి చూడాలి. మెత్తటి వినైల్ ట్రాక్‌లోని నూనెగుణం ఏళ్లు గడిచేకొద్దీ బయటికి ఊరి, దాన్ని తాకిన ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. నేను పెట్టెలోనే వదిలేసిన ఒక పాంజర్‌కు నాలుగు చక్రాలు అలాగే బెల్లప్పాకంలా సాగి పాడైపోయాయి. అప్పటినుంచి ట్రాక్‌లను విడిగా, కాగితంలో చుట్టి ఉంచుతున్నాను. పసుపెక్కిన డెకాల్ షీటును, అంటే మోడల్ మీద అతికించే గుర్తుల కాగితాన్ని, పారేయనక్కర్లేదు. కవరులో పెట్టి, ఎండపడే కిటికీ అద్దానికి కొన్నాళ్లు అంటిస్తే చాలావరకు తెల్లబడుతుంది.

అసలు ట్యాంకులను చూసి పోల్చుకోవాలంటే మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్‌కు, అంటే ఇప్పటి అహిల్యానగర్‌కు, వెళ్లి అక్కడి కావల్రీ ట్యాంక్ మ్యూజియంలో మటిల్డా, వాలెంటైన్‌లను దగ్గరగా చూడవచ్చు. వెళ్లినప్పుడు చక్రాలను, బోల్టులను పక్కనుంచి ఫొటో తీసుకోండి. కిట్ కాగితంలోని బొమ్మలు సరిగా చూపనిది ఆ భాగాన్నే.

విశాఖ, కాకినాడ వంటి ఉప్పుగాలి ఊళ్లలో ఉన్నవారు అద్దాల బీరువాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వానాకాలానికి ముందు మార్చాలి. దుమ్మును తడిగుడ్డతో కాకుండా మెత్తటి పొడి కుంచెతో, ఫిరంగి గొట్టాన్ని వేలితో ఆనించి పట్టుకుని దులపాలి. మోడళ్లలో ముందుగా విరిగేది ఆ గొట్టమే.